సెల్టిక్ పార్కులో చప్పట్లు, పోలింగ్ బూత్‌లో గైర్హాజరు



ఆ మధ్య దసరాకి ఇంగ్లండ్‌లో మనవాళ్ళు జరిపిన బతుకమ్మకు వెళ్ళాను. భోజనాల లైనులో నా ముందున్న పెద్దమనిషితో మాట కలిసింది. పన్నెండేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నారాయన. ఇల్లు కొనుక్కున్నారు, పిల్లలిద్దరూ ఇక్కడి బళ్ళోనే చదువుతున్నారు. వీసా నిబంధనలు మళ్ళీ మారుస్తారట అని అందరిలాగే ఆయనా బాధపడుతుంటే "మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయకపోయారా అన్నా?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మనకు ఎంపీ ఏంది తమ్మీ, మనది ఇండియన్ పాస్‌పోర్టు కదా. మనకు ఓటెక్కడిది?" అన్నారు.

ఉంది! యునైటెడ్ కింగ్‌డమ్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు, పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు, ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. పర్మనెంట్ రెసిడెన్సీ రానక్కరలేదు. వర్క్ వీసా మీద ఉన్నవాడికి ఉంది, నిన్న కాక మొన్న సూట్‌కేసు దించిన ఎమ్మెస్సీ కుర్రాడికీ ఉంది. ఇండియన్ పాస్‌పోర్టు దీనికి అడ్డు కాదు సరికదా, ఆ పాస్‌పోర్టు వల్లనే ఈ హక్కు వచ్చింది. మీ పక్క సీటులో పనిచేసే చైనా వాడికి లేదు, అమెరికా వాడికి లేదు, జర్మనీ వాడికి పార్లమెంటు ఎన్నికల్లో లేదు. మనకు ఉంది. మనమేమో దాన్ని అటక మీద పడేసి, "అతిథులం, మనకెందుకు" అంటూ తిరుగుతున్నాం.

ఆ పెద్దమనిషిని వెక్కిరించే అర్హత నాకు లేదు. ఆయనకు తెలియక ఊరుకున్నారు. నేను తెలిసి ఊరుకున్నాను, పైగా అదేదో గొప్ప సిద్ధాంతమైనట్టు ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ ముచ్చట చెప్పాలంటే 2014 జులై 23కి వెళ్ళాలి.

అప్పుడు నేను గ్లాస్గోలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. మా ఫ్లాటులో ముగ్గురం: నాది వరంగల్, ఒకడిది కరీంనగర్, ఒకడిది గుంటూరు. తెలంగాణ వచ్చి అప్పటికి సరిగ్గా యాభై ఒక్క రోజులు. మా వంటింట్లో ఏడాదిగా నడిచిన యుద్ధాల గురించి చెప్పను, ఆ రోజుల్లో ఇద్దరు తెలుగువాళ్ళున్న ప్రతి ఫ్లాటులోనూ అదే కథ. ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయిన స్థితిలో బిల్లు పాసైన రోజు మా గుంటూరు వాడు అన్నం తినలేదు. నేనూ కరీంనగర్ వాడూ కేకు కోశాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ కేకు వాడి ముందు కోయకుండా ఉండాల్సింది అనిపిస్తుంది.

అలాంటి ముగ్గురమూ కలిసి చేసిన ఒకే ఒక్క పని కామన్వెల్త్ క్రీడల ప్రారంభోత్సవానికి టికెట్లు కొనడం. మే నెలలో అమ్మకానికి పెట్టిన టికెట్ల కోసం జనం ఎగబడితే ఆ వెబ్‌సైటు మొరాయించి అమ్మకమే ఆపేశారు. సాఫ్ట్‌వేర్ చదివే ముగ్గురం మూడు ల్యాప్‌టాపుల ముందు రాత్రింబవళ్ళు కూర్చున్నాం. పార్ట్‌టైం జీతంలోంచి డబ్బులు తీసి ఎక్కడో పైవరసల్లో మూడు సీట్లు సంపాదించాం. ఎన్ని గంటలు పట్టిందో గుర్తు పెట్టుకోండి, ఆ లెక్కతో తర్వాత పని ఉంది.

సెల్టిక్ పార్కు నగరానికి తూర్పున, పార్క్‌హెడ్‌లో ఉంటుంది. ఆ సాయంత్రం గ్లాస్గోలో ఎండ! స్కాట్లండ్‌లో ఉన్నవాళ్ళకు ఆ ఆశ్చర్యార్థకం ఎందుకో తెలుసు. తొమ్మిదింటికి కార్యక్రమం మొదలయ్యేసరికి ఇంకా వెలుతురుంది. నలభై వేల మంది జనం. విమానాలు నీలం, తెలుపు, ఎరుపు పొగలు చిమ్ముతూ నెత్తి మీంచి పోయాయి. అక్కడి బేకరీల్లో దొరికే టన్నాక్స్ టీకేకులను మనిషంత ఎత్తున చేసి డాన్సాడించారు. కొంత అతిగానే అనిపించింది గానీ తమ ఊరి తినుబండారాన్ని చూసుకుని తామే నవ్వుకోగల జనం నాకు నచ్చారు. ఆరు రోజుల క్రితమే ఉక్రెయిన్ మీద కూల్చేసిన మలేసియా విమానంలో పోయినవాళ్ళ కోసం ఒక నిమిషం స్టేడియం స్టేడియమంతా నిలబడి మౌనం పాటించింది.

తర్వాత కవాతు. 71 దేశాలు, ప్రాంతాలు. ప్రతి జట్టు ముందూ గళ్ళ చొక్కా తొడిగిన ఒక బుల్లి స్కాటిష్ కుక్కపిల్ల, ఆ చొక్కా మీద దేశం పేరు. అంతకు ముందు 2010లో పోటీలు ఢిల్లీలో జరిగాయి గనుక అందరికంటే ముందు ఇండియానే వచ్చింది. లండన్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన షూటర్ విజయ్ కుమార్ చేతిలో జెండా, వెనక రెండువందల మందికి పైగా జట్టు. మేం ముగ్గురం గొంతులు చిరిగేలా అరిచాం. కేకు కోసినవాడూ, అన్నం మానేసినవాడూ భుజాల మీద చేతులు వేసుకుని అరిచాం. మొహమాటం లేకుండా చెబుతున్నాను, కళ్ళు చెమర్చాయి.

నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం చివరి ఘట్టం. ఆతిథ్యం ఇచ్చే జట్టు ఆఖర్న వస్తుంది. వచ్చింది యునైటెడ్ కింగ్‌డమ్ కాదు, స్కాట్లండ్. నీలం మీద తెల్ల శిలువ ఉన్న తన జెండాతో. ఇంగ్లండ్ వేరే వచ్చింది, వేల్స్ వేరే వచ్చింది, నార్తర్న్ ఐర్లండ్ వేరే. రాణిగారు అక్కడే కూర్చుని ఉన్నారు. ఎనిమిది వారాల్లో, సెప్టెంబరు 18న, ఆవిడ రాజ్యంలోంచి విడిపోవాలా వద్దా అని ఆ జనం ఓటు వేయబోతున్నారు. అయినా ఆ జెండా చూసి ఎవరూ దేశద్రోహం అనలేదు, ఎవరూ ఎవరి విగ్రహాలూ పగలగొట్టలేదు. మా పక్క సీట్లో ఉన్న ఒక జంటలో భర్త కోటుకు 'ఎస్' బ్యాడ్జి, భార్య కోటుకు 'నో థాంక్స్' బ్యాడ్జి. ఇద్దరూ ఒకే పొట్లంలోంచి చిప్స్ తింటున్నారు! మా గుంటూరు వాడు నా డొక్కలో పొడిచి "చూడరా మామా" అన్నాడు. ఎవర్ని ఉద్దేశించి అన్నాడో అడగలేదు.

మనవాళ్ళలో చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. ఫోటోలు ఫేస్‌బుక్కులో పెట్టి, "వాట్ ఎ నైట్" అని రాసి, పడుకుంటారు. నా తగాదా అక్కడే. ఉత్సవంలో మనకిచ్చిన సీటు చూసి మురిసిపోతాం, ఆ ఉత్సవం వెనకున్న ఊరిని మాత్రం చూడం.

ఈ ప్రారంభోత్సవంలో ఏం చేయబోయారో తెలుసా? గ్లాస్గో ఉత్తరాన రెడ్ రోడ్ అని పాత ఆకాశహర్మ్యాల కాలనీ ఉండేది. పేదల ఇళ్ళు. అక్కడి అయిదు టవర్లను ఆ రాత్రి డైనమైట్లతో కూల్చి, ఆ దృశ్యాన్ని స్టేడియంలో పెద్ద తెర మీద ప్రత్యక్షంగా చూపిస్తామని ఏప్రిల్‌లో నిర్వాహకులు ప్రకటించారు. ఇళ్ళు కూలిపోవడం మనకు వినోదం! ఆరో టవరులో శరణార్థులు కాపురముంటున్నారు, దాన్ని మాత్రం వదిలేస్తారట. పక్కన అయిదు కూలుతుంటే వాళ్ళు బయటికొచ్చి చూడాలి కాబోలు. నగరం భగ్గుమంది. పదిహేడు వేల మందికి పైగా అర్జీ మీద సంతకాలు చేశారు. పదిరోజుల్లో ఆ ఆలోచన మానుకున్నారు. మేం చప్పట్లు కొట్టిన కార్యక్రమం ఆ మాత్రం మర్యాదగా ఉందంటే దానికి కారణం మా టికెట్టు డబ్బులు కాదు, ఆ సంతకాలు. వాటిలో నాది లేదు. మే నెలలో టికెట్ల కోసం మెలకువగా ఉన్నవాడిని ఏప్రిల్‌లో నిద్రపోయాను.

ఆగస్టులో ఒక శనివారం బుకానన్ స్ట్రీట్‌లో నడుస్తున్నాం. ఒక ముసలావిడ చిన్న బల్ల వేసుకుని ఓటరు నమోదు ఫారాలు పంచుతోంది. మమ్మల్ని ఆపి ఒకే ప్రశ్న అడిగింది: "ఇక్కడ ఉంటున్నారా?" ఎక్కడినుంచి వచ్చారని అడగలేదు, ఎన్నేళ్ళయిందని అడగలేదు, మీ తాత ఎక్కడ పుట్టాడని అసలే అడగలేదు. ఉంటున్నామన్నాం. "అయితే మీకు ఓటుంది" అని మూడు ఫారాలు చేతిలో పెట్టింది.

ఇది నిజం. స్కాట్లండ్ స్వాతంత్ర్యం మీద జరిగిన ఆ రిఫరెండంలో స్కాట్లండ్‌లో నివసించే కామన్వెల్త్ పౌరులకూ ఓటు ఇచ్చారు. పదహారేళ్ళ పిల్లలకూ ఇచ్చారు. గ్లాస్గోలో పుట్టి పెరిగి ఉద్యోగానికి లండన్ వెళ్ళిపోయిన స్కాట్ వాడికి లేదు. ఏడాది కింద వరంగల్ నుంచి వచ్చిన నాకు ఉంది! పుట్టుక కాదు, నివాసం లెక్క. ఈ మట్టి ఎవరిది అంటే, ప్రస్తుతం దీనిమీద బతుకుతున్నవాళ్ళది, అంతే.

ఇంటికెళ్ళాక మా గుంటూరు వాడు ఫారం నింపాడు. నేను నింపలేదు. పైగా వాడికి క్లాసు పీకాను. "తెలంగాణ భవిష్యత్తు తెలంగాణ వాళ్ళే తేల్చుకోవాలని అరవై ఏళ్ళు కొట్లాడినోళ్ళం. ఇప్పుడు వచ్చి పక్కోని ఇంట్ల వేలు పెడ్తమా? ఇది వాళ్ళ ముచ్చట. బయటోళ్ళకు హక్కు లేదు" అన్నాను. కరీంనగర్ వాడు "మనకెందుకు భై ఆళ్ళ లొల్లి" అని దుప్పటి కప్పుకున్నాడు. గుంటూరు వాడు ఫారం మీంచి తలెత్తకుండా, "బయటోళ్ళమని నువ్వంటున్నావు మామా. వాళ్ళు అనట్లేదుగా?" అన్నాడు.

దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మన దగ్గర అప్పుడేం జరుగుతోందో కూడా చెప్పుకుందాం, సొంత ఇంటి దుమ్ము దాచుకోవడం నాకిష్టం లేదు. సరిగ్గా ప్రారంభోత్సవం జరిగిన వారంలోనే సానియా మీర్జాను కొత్త రాష్ట్రానికి బ్రాండ్ అంబాసిడర్‌గా ప్రకటించి ప్రభుత్వం కోటి రూపాయల చెక్కు ఇచ్చింది. బీజేపీ నాయకుడు లక్ష్మణ్ గారు ఆమెను పాకిస్తాన్ కోడలన్నారు, మహారాష్ట్రలో పుట్టింది గనక స్థానికురాలు కాదన్నారు. హైదరాబాదులో పెరిగి, హైదరాబాదులో రాకెట్ పట్టిన అమ్మాయి! నేను ఆ రోజు ఆయన్ని తిట్టుకున్నాను, నిజమే. మరి అదే నెలాఖరున మన సొంత ప్రభుత్వం ఫీజుల సాయం పథకానికి 1956 నవంబరు 1కి ముందు నుంచి తెలంగాణలో ఉన్న కుటుంబాల పిల్లలకే అన్నప్పుడు? అప్పుడు తిట్టుకోలేదు, సమర్థించాను. కూకట్‌పల్లిలో పుట్టిన పిల్లవాణ్ణి తాతగారి కాగితాలు తెమ్మన్నాం. ముల్కీ గొడవల చరిత్ర నాకు తెలుసు, 1952లో వరంగల్‌లో మొదలైన నిప్పు మా ఇంట్లో కథలాగా చెప్పుకునేవాళ్ళు. ఉద్యోగాలు దోచుకుపోతుంటే స్థానికత అడగడం న్యాయం. కాని నిన్నటి అన్యాయానికి జవాబుగా వేసిన ప్రశ్నని, ఇవాళ మన గడ్డ మీదే పుట్టిన పసివాడి మీద ప్రయోగించడం న్యాయం కాదు. కోర్టు తప్పుపట్టాక, చివరికి ప్రభుత్వమే ఆ పథకాన్ని పక్కనబెట్టింది.

అక్కడ మనం "నువ్వు ఇక్కడోడివి కాదు" అంటాం. ఇక్కడికొచ్చి "మేం ఇక్కడోళ్ళం కాదు" అంటాం. రెండూ ఒకే రోగం.

సెప్టెంబరు 18న పొద్దున్నే గుంటూరు వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. పెళ్ళిచూపులకు వెళ్ళేవాడిలా ఉన్నాడు. సమైక్యవాది కదా, వెళ్ళి 'నో' మీద వేసొచ్చాడు. "అక్కడెలాగూ కాపాడలేకపోయాను, కనీసం ఇక్కడన్నా సమైక్యం నిలబెట్టాను" అని నవ్వాడు. 84.6 శాతం పోలింగ్, 55.3 శాతం 'నో'. గ్లాస్గో నగరం మాత్రం 53.5 శాతంతో 'ఎస్' అంది, అయితే స్కాట్లండ్ మొత్తం మీద అతి తక్కువ పోలింగ్ కూడా ఆ నగరంలోనే, 75 శాతం. రాకుండా ఉండిపోయిన ఆ 25 శాతం సంగతి విన్నప్పుడల్లా నాకు నేనే గుర్తొస్తాను. నిజానికి నేను ఆ లెక్కలో కూడా లేను, ఫారమే నింపలేదు కదా. స్వపరిపాలన గురించి రోజుకు నాలుగు ఉపన్యాసాలిచ్చే ఉద్యమకారుడు మంచం మీద పడుకుని ట్విట్టర్ చూస్తున్నాడు, సమైక్యవాది వెళ్ళి ఓటేసొచ్చాడు.

ఆ ఓటులో నాకు సొంత పని లేదా? ఉంది! మనకు చదువయ్యాక రెండేళ్ళు ఉద్యోగం వెతుక్కునే పోస్ట్ స్టడీ వర్క్ వీసాను 2012 ఏప్రిల్‌లో లండన్ ప్రభుత్వం మూసేసింది. 2013 నవంబరులో స్కాట్లండ్ ప్రభుత్వం విడుదల చేసిన స్వాతంత్ర్య శ్వేతపత్రంలో దాన్ని మళ్ళీ తెస్తామని రాశారు. అంతకుముందు కూడా, 2005 నుంచి 2008 వరకు, 'ఫ్రెష్ టాలెంట్' అనే పేరుతో స్కాట్లండ్‌లో చదివినవాళ్ళకు ప్రత్యేకంగా ఆ వెసులుబాటు ఉండేది. అంటే ఆ బ్యాలెట్ మీద నా వీసా కూడా ఉందన్నమాట. 2015 మొదట్లో నా వీసా అయిపోయి హైదరాబాదు విమానం ఎక్కినప్పుడు ప్రభుత్వాన్ని నానా మాటలూ అన్నాను. నా ఒక్క ఓటుతో ఫలితం మారేది కాదు, ఒప్పుకుంటాను. తిట్టే హక్కన్నా మిగిలేది.

ఇంకో ముచ్చట. ఇది మా ముగ్గురికీ సంబంధించింది కాదు, అందుకే అప్పుడు పట్టించుకోలేదు. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో బీబీసీ పనోరమ కార్యక్రమం టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో కొన్ని కేంద్రాలు చేస్తున్న మోసాన్ని బయటపెట్టింది. మోసం జరిగింది, అనుమానం లేదు. కాని హోం ఆఫీసు ఏం చేసింది? బ్రిటన్‌లో ఆ పరీక్ష రాసిన 58 వేల పైచిలుకు ఫలితాల్లో 97 శాతం అనుమానాస్పదమన్న పరీక్ష సంస్థ లెక్కను ఒప్పేసుకుంది! అంతమందీ దొంగలేనా? క్రీడల ప్రారంభోత్సవానికి నెలరోజుల ముందు, జూన్ 24న, పదుల సంఖ్యలో కాలేజీల లైసెన్సులు నిలిపేశారు. ఫీజులు కట్టి, క్లాసులకు వెళ్తున్న పిల్లల్ని కాగితం ముక్కతో పొమ్మన్నారు. 2019లో ఇక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీసు లెక్క తీస్తే, సుమారు 2,500 మందిని బలవంతంగా పంపేశారని, కనీసం 7,200 మంది నోటీసుల తర్వాత తామే వెళ్ళిపోయారని తేలింది. ఎదురు నిలిచి అప్పీలుకు వెళ్ళినవాళ్ళలో 3,600 మంది గెలిచారు. వెళ్ళిపోయినవాళ్ళలో ఎంతమంది నిర్దోషులో ఇక ఎవరు చెప్పగలరు?

ఆ పిల్లలు చాలామటుకు ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్ వాళ్ళు. అంటే కామన్వెల్త్ వాళ్ళు. అంటే ఓటున్నవాళ్ళు! వాళ్ళ తరఫున గట్టిగా నిలబడిన ఎంపీల్లో ఈస్ట్ హామ్ సభ్యుడు స్టీఫెన్ టిమ్స్ ఒకరు, 2019లో దీనిమీద పార్లమెంటు సభ్యుల విచారణకు అధ్యక్షత వహించారు. ఈస్ట్ హామ్ అంటే మనకు చెప్పక్కరలేదు, మన దోసెల హోటళ్ళున్న చోటు. అక్కడి ఎంపీకి మన వీసాల సంగతి తెలిసిందంటే అక్కడ మనలాంటి వాళ్ళు ఓటర్లు గనక, వారం వారం ఆయన ఆఫీసు ముందు నిలబడ్డారు గనక. ఇక్కడ ఎంపీ దగ్గరికి వెళ్ళడానికి పైరవీ అక్కరలేదు, ఎవరి మనిషివని అడగరు. అయితే వచ్చే ఎన్నికల్లో తమ వీధిలో ఎంతమంది ఓటర్లున్నారో ఏ పార్టీకైనా నోటిలెక్క. ఓటరు లిస్టులో మన ఇంటి నంబరు ఎదురుగా ఖాళీ ఉంటే ప్రచారానికొచ్చినవాడు మన తలుపు దాటి పక్కింటి తలుపు కొడతాడు. నేను చూశాను.

ఈ హక్కు ఎవరో జాలిపడి ఇచ్చింది కూడా కాదు. సామ్రాజ్యం కింద ఉన్నప్పుడు మనవాళ్ళు బ్రిటిష్ ప్రజలే కాబట్టి, దాదాభాయి నౌరోజీ 1892లో లండన్‌లోని ఫిన్స్‌బరీ సెంట్రల్ నుంచి చేతివేళ్ళ మీద లెక్కపెట్టగల ఓట్ల మెజారిటీతో పార్లమెంటుకు గెలిచాడు. ఒక్క ఓటుతో ఏమవుతుందనేవాళ్ళు ఆయన్ని అడగాలి. స్వతంత్రం వచ్చాక 1949 లండన్ ప్రకటనతో ఇండియా రిపబ్లిక్ అవుతూనే కామన్వెల్త్‌లో ఉండిపోయింది. ఆ గొడుగు కింద ఈ ఓటు కొనసాగింది. కామన్వెల్త్ అనేది పాత యజమాని పెట్టే విందు అని నేనూ తిడతాను. అందులోంచి మనకు నిజంగా దక్కిన వస్తువు ఏదైనా ఉందంటే ఇదొక్కటే. మనమేమో విందుకు టికెట్టు కొంటాం, వస్తువును వదిలేస్తాం. ఇది శాశ్వతమని కూడా అనుకోకండి. 2008లో లార్డ్ గోల్డ్‌స్మిత్ పౌరసత్వ నివేదిక పార్లమెంటు ఎన్నికల్లో ఈ ఓటును క్రమంగా తీసేయాలని సిఫార్సు చేసింది. అది అమలు కాలేదు. కాని వాడని హక్కును తీసేస్తే అడ్డుపడేవాడెవడు?

"మనకు ఇండియాలో ఓటు కావాలి" అని మన సంఘాలు చేసే తీర్మానాలకు నేనూ సంతకం పెట్టాను. 2010 చట్టసవరణతో ఎన్నారైలు ఓటర్లుగా నమోదు కావచ్చు, కాని ఊరికి వెళ్ళి స్వయంగా వేయాలి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో అలా నమోదైన సుమారు లక్షా పందొమ్మిది వేల మందిలో వచ్చి ఓటేసింది మూడు వేలకు లోపే, అందులోనూ అత్యధికులు మలయాళీలు. అయిదువేల మైళ్ళ అవతల ఉన్న ఓటు కోసం ఉద్యమం, అయిదు నిమిషాల నడకలో ఉన్న బడిలో వేసే ఓటు మీద నిర్లక్ష్యం. బాగుంది వరస!

మనవాళ్ళ భయాలు కూడా విన్నాను. ఇండియన్ పౌరసత్వం పోతుందేమోనని ఒకరు. అది పోయేది వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నప్పుడు, ఓటేస్తే కాదు. జ్యూరీ డ్యూటీకి పిలుస్తారేమోనని ఇంకొకరు. అయిదేళ్ళు ఇక్కడ నివసించినవాళ్ళను పిలవచ్చు, పిలిస్తే వెళ్ళండి, తీర్పు చెప్పే పీట మీద మన మొహం ఒకటి కనబడితే నష్టమేమిటి? మరికొందరు నమోదయ్యారు గానీ, ఓటరు లిస్టులో పేరుంటే క్రెడిట్ స్కోరు పెరుగుతుందని! ఇంటి లోను కోసం ఓటరయ్యి, ఓటు కోసం గడప దాటని మహానుభావులు మనలో ఎందరో. గుర్తింపు కార్డు లేదనేవాళ్ళకు: 2023 నుంచి పోలింగ్ బూత్‌లో ఫోటో గుర్తింపు అడుగుతున్నారు, కామన్వెల్త్ దేశాల పాస్‌పోర్టు చెల్లుతుంది. మన నీలం పాస్‌పోర్టు చూపించి ఓటేసి రావచ్చు.

ఇప్పుడు కూడా అదే నాటకం నడిచింది. విక్టోరియా రాష్ట్రం ఖర్చు భరించలేనని 2023లో తప్పుకుంటే 2026 కామన్వెల్త్ క్రీడలు తిరిగి గ్లాస్గోకే దక్కాయి, పది ఆటలకు కుదించారు. బాడ్మింటన్, హాకీ, కుస్తీ, షూటింగ్, క్రికెట్ అన్నీ ఎగిరిపోయాయి. 2014లో అదే గ్లాస్గోలో మన పారుపల్లి కశ్యప్ బాడ్మింటన్ స్వర్ణం గెలిచాడు, 1982లో సయ్యద్ మోదీ తర్వాత పురుషుల సింగిల్స్‌లో మళ్ళీ అప్పుడే ఒక భారతీయుడికి వచ్చింది. సింధు కాంస్యం, గగన్ నారంగ్ రజతం, కాంస్యం. అలాంటి ఆటల్ని తీసేశారని మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత ఆవేశమో చూశారు కదా! మరి 2024 జనవరి నుంచి మాస్టర్స్ చదివే పిల్లలు భార్యనో భర్తనో తెచ్చుకోకుండా ఆపేసినప్పుడు? 2025 మే శ్వేతపత్రంలో గ్రాడ్యుయేట్ వీసాను రెండేళ్ళ నుంచి పద్దెనిమిది నెలలకు తగ్గించాలని, స్థిర నివాసానికి అయిదేళ్ళు కాదు పదేళ్ళు ఆగాలని పెట్టినప్పుడు? అదే గ్రూపుల్లో ఫార్వర్డులు, ఏడుపు బొమ్మలు. ఎంపీకి ఎంతమంది రాశారని అడిగాను. నలుగురు చెయ్యెత్తారు. ఓటరుగా ఎంతమంది నమోదయ్యారని అడిగితే గ్రూపులో ఎవరో దీపావళి టికెట్ల లింకు పెట్టారు.

బతుకమ్మ దగ్గరి పెద్దమనిషి మొదట నమ్మలేదు. ప్లేటు పక్కన పెట్టి ఫోను తీయమన్నాను. ప్రభుత్వ వెబ్‌సైటులో నమోదు పేజీ తెరిచాం. ఏ దేశపు పౌరుడివని అడిగిన చోట 'ఇండియన్' అని కొట్టి, ఇప్పుడు ఎర్ర అక్షరాలొస్తాయి చూడు అన్నట్టు నా వంక చూశారు. ఏమీ రాలేదు. తర్వాతి పేజీ వచ్చింది. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఆయనకు కంఠస్థం, పన్నెండేళ్ళుగా దాని మీదే కదా జీతంలో కోత పడుతోంది. అయిదారు నిమిషాల్లో అయిపోయింది. 2014లో మూడు టికెట్ల కోసం మేం ముగ్గురం ఎన్ని రాత్రులు కూర్చున్నామో ఆయనకు చెప్పలేదు, సిగ్గేసింది.

ఇంతలో ఆయన భార్య సత్తుపిండి తెచ్చి ఏం చేస్తున్నారని అడిగారు. ఆయన చెప్పారు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "నాది డిపెండెంట్ వీసా మీద మొదలైంది కదా, నాకు గూడ ఉంటదా అన్నా?" అని నన్నడిగారు.

ఉంటది వదినా.